గేములకూ గ్రాఫిక్సుకూ కంప్యూటరు: పని తేల్చుకున్నాకే బేరం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాల్లో ఇంటర్ ఫలితాలు వెలువడి, ఇంజనీరింగు సీట్లు ఖరారయ్యే రోజులకు చాలా ఇళ్ళల్లో ఒక కొత్త ఖర్చు చర్చకు వస్తున్నది. అబ్బాయికి కంప్యూటరు కావాలి. చేతిలో పట్టుకు తిరిగే ల్యాప్‌టాప్ కాదు, బల్ల మీద పెట్టుకునే పెద్ద కంప్యూటరే కావాలి. గేములు ఆడుకోవచ్చు, గ్రాఫిక్స్ పని నేర్చుకుని నాలుగు రూపాయలు సంపాదించుకోవచ్చు అన్నది అతని వాదన. ధర ఎంతని అడిగితే లక్షకు అటూ ఇటూగా చెబుతాడు. ఆ ఇంటి పెద్దకు గేమింగ్ అంటే ఏమిటో తెలియదు, గ్రాఫిక్స్ కార్డు అంటే ఏమిటో అసలే తెలియదు. ఆయనకు తెలిసిందల్లా ఆ లక్ష ఎక్కడినుంచి రావాలన్నదే.

మన పడమటి మండలాల్లో ఆ లక్ష చాలా ఇళ్ళకు టమోటా మండీనుంచి రావాలి, లేకుంటే పాలకేంద్రంనుంచి, పట్టుగూళ్ళనుంచి రావాలి. 2023 జులైలో మదనపల్లె మార్కెట్ యార్డులో టమోటా పలికిన ధర దేశమంతా మారుమోగింది. అదే కాయను కోత కూలి కూడా గిట్టదని చేలోనే వదిలేసిన ఏళ్ళూ మనకు కొత్త కాదు. అటువంటి డబ్బుతో కొనే యంత్రం మూడేళ్ళు నిలిచి పని చేయాలి, కొంతైనా తిరిగి సంపాదించాలి. దురదృష్టవశాత్తు ఇప్పుడు మన ఊళ్ళలో ఈ కొనుగోళ్ళు ఎక్కువగా గాజుపలక వెనుక తిరిగే రంగు దీపాల పంకాలను చూసి జరుగుతున్నాయి. చేయవలసిన పనేదో తేల్చుకోకుండా పెట్టెను చూసి బేరమాడడమే అసలు నష్టానికి మూలమని ఈ వ్యాస రచయిత అభిప్రాయం.

ముందుగా ఒక అపోహ తీర్చుకోవాలి. గేమింగ్ మాట వినగానే పేకాట గుర్తుకొచ్చి భయపడే తల్లిదండ్రులు వున్నారు. వారి భయం అకారణమైనదేమీ కాదు. ఆన్‌లైన్ రమ్మీ వంటి పందేలను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లోనే నిషేధించింది. 2025లో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధించింది. కంప్యూటరు మీద ఆడే పరుగు పందేల, యుద్ధాల ఆటలు ఆ కోవకు చెందవు. 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఇటువంటి కొన్ని ఆటలకు పతకాలు కూడా ఇచ్చారు. ఎన్ని గంటలు ఆడాలన్నది ఇంటి క్రమశిక్షణకు సంబంధించిన విషయం, అది వేరే చర్చ. ఆటకు పనికివచ్చే యంత్రం చాలావరకు పనికీ పనికివస్తుంది కనుక రెంటికీ కలిపి ఒకటి కొనాలన్న ఆలోచనలో తప్పులేదు.

గ్రాఫిక్స్ అంటే ఏ పని?

చిక్కంతా 'గ్రాఫిక్స్' అన్న ఒక్క మాటలో వున్నది. ఫ్లెక్సీ బ్యానరు చేసేవాడూ గ్రాఫిక్స్ చేస్తున్నానంటాడు, పెళ్ళి ఆల్బం అమర్చేవాడూ అదే అంటాడు, పెళ్ళి వీడియో కత్తిరించి అతికేవాడూ అంతే. 'ఈగ', 'బాహుబలి' సినిమాల్లో చూసినటువంటి త్రీడీ బొమ్మలు చేయాలని కలలుగనే కుర్రవాడిదీ అదే మాట. ఈ నాలుగు పనులూ కంప్యూటరులో నాలుగు వేర్వేరు భాగాల మీద భారం వేస్తాయి.

కంప్యూటరులో ప్రాసెసరు మండీలోని అనుభవజ్ఞుడైన గుమస్తా వంటిది. ఎంత చిక్కు లెక్కనైనా ఒకదాని తర్వాత ఒకటిగా వేగంగా తేలుస్తుంది. గ్రాఫిక్స్ కార్డు అలా కాదు, అది కాయలు ఏరే కూలీల గుంపు. ఒక్కొక్కరూ చేసే పని చిన్నదే గాని వేలమంది ఒక్కసారిగా చేస్తారు. ఆటలో తెర మీద కనిపించే లక్షల చుక్కలకు సెకనుకు అరవై సార్లో నూట నలభై సార్లో రంగు నిర్ణయించాలి కనుక అక్కడ గుంపు కావాలి. త్రీడీ బొమ్మలకూ, వీడియోకు రంగులు సరిదిద్దడానికీ కూడా ఆ గుంపే కావాలి. ఫ్లెక్సీ, శుభలేఖ, కరపత్రం పనిలో మాత్రం గుమస్తాకే పని ఎక్కువ. ఆయన ముందు పరుచుకోవడానికి బల్ల పెద్దదిగా వుండాలి. ఆ బల్ల పేరే మెమరీ.

ఎంత పెద్ద బల్ల కావాలో లెక్క వేసి చూడవచ్చు. గంగజాతరకు 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఫ్లెక్సీ ఒకటి చేయాలనుకుందాం. అంగుళానికి 72 చుక్కల చొప్పున వేసినా దాదాపు 15 కోట్ల చుక్కలవుతాయి. అచ్చుకు కావలసిన నాలుగు రంగుల లెక్కన ఒక్క పొరకే 600 మెగాబైట్లు పడుతుంది. వెనుక రంగు, అమ్మవారి బొమ్మ, నాయకుల ఫొటోలు, అక్షరాలు అంటూ పది పొరలు చేరితే ఎనిమిది జీబీల మెమరీ వున్న కంప్యూటరు ఉక్కిరిబిక్కిరి అవుతుంది. పెళ్ళి ఆల్బంలో 12 అంగుళాలు, 36 అంగుళాల షీటు ఒక్కొక్కటీ పొరకు 117 మెగాబైట్ల చొప్పున తింటుంది. కాబట్టి ఈ పనులకు ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు పెట్టి మెమరీలో పొదుపు చేయడమంటే, పదిమంది కూలీలను పిలిచి కాయ పోయడానికి చోటు చూపకపోవడమే.

పెళ్ళి వీడియో లెక్క మరొక రకం. మంచి కెమెరా సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే గంటకు 45 జీబీ అవుతుంది. రెండు కెమెరాలు, ఆరు గంటల ముహూర్తం అనుకుంటే 540 జీబీ. మూఢాలు పోయి ముహూర్తాలు వరుసగా వచ్చే నెలలో నాలుగు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నవాడికి రెండు వేల జీబీలు పైబడి నిల్వ చేసుకునే చోటు కావాలి. చిన్న డిస్కుతో గేమింగ్ కంప్యూటరు కొనుక్కుని వచ్చిన కుర్రవాడు రెండో పెళ్ళికే మొదటి పెళ్ళిని చెరిపేయాల్సి వస్తుంది. పెళ్ళివారు ఆల్బం చూసుకుని, 'ఆ తాళిబొట్టు ఘట్టం ఇంకోసారి ఇవ్వు నాయనా' అని అడిగితే ఏం చెబుతాడు? వేగంగా నడిచే కొత్తరకం డిస్కు ఒకటి పనికి, చవకైన పాతరకం పెద్ద హార్డ్ డిస్కు ఒకటి నిల్వకు, ఈ రెండూ వుండాలి. నకలు మరొక విడి డిస్కులో వుంటే ఇంకా మంచిది.

కుప్పంలో జరిగింది చూడండి

పనిని బట్టి యంత్రాన్ని ఎంచుకోవడానికి ఉదాహరణ కోసం ఎక్కడికో పోనవసరం లేదు. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ అప్పటి రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో 'ఐ-కమ్యూనిటీ' పేరుతో ఒక కార్యక్రమం ప్రారంభించింది. అందులో భాగంగా స్వయం సహాయక సంఘాల మహిళలు కొందరికి ఫొటోలు తీయడం నేర్పించారు. వారి చేతికిచ్చింది బల్ల మీది కంప్యూటరు కాదు. ఒక డిజిటల్ కెమెరా, ఒక చిన్న ప్రింటరు, కరెంటు లేని చోట వాటిని నడపడానికి ఒక సౌర పలక. ఫొటో తీసి, అక్కడికక్కడే అచ్చు వేసి, డబ్బు తీసుకునే ఏర్పాటు అది. పల్లెలో కరెంటు ఎప్పుడుంటుందో, ఫొటో కోసం పట్నం రావాలంటే ఒక కూలి రోజు పోతుందన్న సంగతి ఎలా వుంటుందో ఆలోచించి ఎంచిన సామాను.

ఆ కార్యక్రమం మొత్తంగా ఏ మేరకు నిలిచిందన్న దాని మీద అభిప్రాయభేదాలు వుండవచ్చు. అప్పటి ముఖ్యమంత్రి నియోజకవర్గం కనుకనే వచ్చిందన్నవారూ లేకపోలేదు. కాని ఆ సౌర పలక కట్టిన ప్రింటరు వెనుక వున్న ఆలోచన నేటి మన కుర్రవాళ్ళ కొనుగోళ్ళలో కనిపించడం లేదు. మనకు బెంగుళూరు కుర్రవాడి గదిలోని కంప్యూటరే నమూనాగా వున్నది. ఆ గదిలోని కరెంటు, ఆ గది పక్కనున్న మరమ్మతు దుకాణం మనకు లేవన్నది ఎవరూ చూడడం లేదు.

పుంగనూరు ఆవుకు పేరు వచ్చింది ఎత్తు చూసి కాదు. తక్కువ మేతతో చిక్కని పాలిస్తుంది గనుకనే మెట్ట సీమ రైతు దాన్ని దగ్గర పెట్టుకున్నాడు. ఈమధ్య పట్నాలవారు ముద్దుగా వుందని పెరట్లో కట్టేసుకోవడానికి కొనడం మొదలుపెట్టాక దాని ధర రైతుకు అందకుండా పోయింది. కంప్యూటరు విషయంలోనూ అంతే. చూపుకు కొనేవారు ధర పెంచుతారు, పనికి కొనేవాడు దాన్ని చెల్లించాలి.

కార్డులో కిటుకులు

ఆట కోసమైనా, వీడియో కోసమైనా గ్రాఫిక్స్ కార్డు కొనక తప్పనివారు ఒక విషయం జాగ్రత్తగా గమనించాలి. ఒకే పేరుతో రెండు రకాల సరుకు మార్కెట్లో వున్నది. 2025లో వచ్చిన ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, ఏఎండీ వారి ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ కార్డులు రెండూ 8 జీబీ మెమరీతోనూ, 16 జీబీ మెమరీతోనూ అమ్ముడవుతున్నాయి. పెట్టె మీద పేరు అదే. ధర తక్కువగా చెప్పిన దుకాణదారు 8 జీబీ కార్డుకు చెప్పి వుండవచ్చు. కార్డు మీదుండే ఈ మెమరీ, ఇందాక చెప్పుకున్న కంప్యూటరు మెమరీ వేర్వేరు. ఆటకు మాత్రమే అయితే 8 జీబీతో ప్రస్తుతానికి సరిపెట్టుకోవచ్చు. పెద్ద వీడియోలకు, బ్లెండర్ వంటి త్రీడీ పనికి 16 జీబీలదే కొనాలి, లేదా కొనకుండా ఆగాలి. మధ్యేమార్గం లేదు. త్రీడీ పని మీదే మనసు వున్నవారికి ఎన్విడియా కార్డులతో సాఫ్ట్‌వేర్లు ఎక్కువ సఖ్యంగా వుంటాయన్నది కూడా నిజం. కేవలం ఆటకైతే అదే డబ్బుకు ఏఎండీ కార్డు తరచు లాభసాటిగా కనిపిస్తుంది.

అసలు మొదటి ఏడాది కార్డే లేకుండా గడుపుకోవచ్చునన్నది చాలామందికి తోచదు. కొన్ని ప్రాసెసర్లలోనే బొమ్మ చూపే భాగం అంతో ఇంతో బలంగా వుంటుంది. ఏఎండీ రైజెన్ 5 8600జీ అటువంటిది. దానితో ఫొటోషాప్, కోరల్‌డ్రా పని నిరభ్యంతరంగా సాగుతుంది. మన కుర్రవాళ్ళు ఎక్కువగా ఆడే వాలరెంట్ వంటి తేలిక ఆటలూ నడుస్తాయి. పని నిలబడి, సంపాదన కనిపించాక కార్డు తెచ్చి పెట్టుకోవచ్చు. బల్ల మీది కంప్యూటరుకున్న గొప్ప సుగుణమే అది, విడతలుగా పెంచుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లో ఆ వీలు లేదు.

ఇంటెల్ ప్రాసెసరు కొనేవారు నంబరు చివర ఎఫ్ అనే అక్షరం వున్నదేమో చూసుకోవాలి. అది వుంటే అందులో బొమ్మ చూపే భాగం వుండదు. నాలుగు డబ్బులు తక్కువే. కాని ఏ మాఘమాసంలోనో గ్రాఫిక్స్ కార్డు పాడై మరమ్మతుకు పోతే తెర నల్లగా వుండిపోతుంది. ఎఫ్ లేని ప్రాసెసరైతే నెమ్మదిగానైనా శుభలేఖలు అచ్చుకు వెళతాయి. పని చేసుకుని బతికేవారికి ఆ తేడా పెట్టదగినదే.

పాత సరుకు సంగతి కూడా చెప్పాలి. 'ఐ7 గేమింగ్ కంప్యూటరు' అని చవకగా వినిపించేవి చాలావరకు కంపెనీలు వాడి పారేసిన యంత్రాలు. ఐ7 అన్న మాట 2012లోనూ వున్నది, ఇప్పుడూ వున్నది. ఏ తరానిదన్నదే ప్రశ్న. మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కు మామూలు రక్షణ నవీకరణలను 2025 అక్టోబరు 14తో ఆపేసింది. విండోస్ 11 ఆ పాత తరాల ప్రాసెసర్లను అధికారికంగా ఒప్పుకోదు. వాలరెంట్ ఆట సైతం విండోస్ 11లో కొన్ని భద్రతా ఏర్పాట్లు యంత్రంలో లేకపోతే తెరుచుకోదు. సెకండ్‌హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డుల్లో మరో రకం ప్రమాదం వుంది. 2022 సెప్టెంబరులో ఎథీరియం నాణేల తవ్వకం పద్ధతి మారిపోయాక, రాత్రింబగళ్ళు ఆ పనిలో నలిగిన కార్డులు కట్టలు కట్టలుగా మార్కెట్లోకి వచ్చాయి. వారంటీ కాగితం లేని పాత కార్డును ఎంత చవకైనా ముట్టుకోకపోవడం మంచిది.

కరెంటు, కరెంటు, కరెంటు

కొనేటప్పుడు ఎవరూ అడగని భాగాలు రెండు. ఒకటి పెట్టె లోపలి పవర్ సప్లై, రెండు పెట్టె బయటి యూపీఎస్. మన ప్రాంతానికి ఇవే అన్నిటికన్నా ముఖ్యమైనవి. గాలివాన వస్తే సాయంత్రం కరెంటు నాలుగుసార్లు పోయి వస్తుంది. పల్లెల్లో బోరు మోటార్లు ఒక్కసారిగా ఆన్ అయితే వోల్టేజి కుంగుతుంది. చవక పవర్ సప్లై మీద 500 వాట్లని రాసి వుంటుంది, ఆ మాట నిజమని పూచీ ఇచ్చేవారెవరూ వుండరు. అది కాలిపోయేటప్పుడు తానొక్కటే కాలిపోక, మదర్‌బోర్డునో కార్డునో వెంట తీసుకుపోవచ్చు. లక్ష రూపాయల యంత్రానికి కాపలాగా వెయ్యి రూపాయల వస్తువును పెట్టడం ఏ రకమైన పొదుపో బోధపడదు. పేరున్న కంపెనీది, '80 ప్లస్' ముద్ర వున్నది, 550 నుంచి 650 వాట్లది అయితే పైన చెప్పిన కార్డులకు సరిపోతుంది. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 180 వాట్ల వరకు వాడుతుంది. ప్రాసెసరు, మిగతావన్నీ కలుపుకున్నా ఆట నడిచేటప్పుడు 350 వాట్లు దాటడం అరుదు.

యూపీఎస్ విషయంలో జరిగే మోసం మరింత సున్నితమైనది. మోసమనడం కన్నా అజ్ఞానమనడం సబబు. ఎప్పటినుంచో అందరి ఇళ్ళలోనూ వున్న 600 వీఏ యూపీఎస్‌నే దీనికీ అంటగడతారు. వీఏ అంటే వాట్లు కాదు. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా మోయగలిగేది 360 వాట్లు మాత్రమే. కంప్యూటరు 350, తెర 30 వాట్లు లాగుతున్నప్పుడు కరెంటు పోతే యూపీఎస్ కుయ్యిమని అరిచి, యంత్రంతో సహా ఆరిపోతుంది. అప్పుడే సగంలో వున్న వీడియో పోతుంది. ఈ రకం యంత్రానికి కనీసం 1000 వీఏ పైబడిన యూపీఎస్ పెట్టుకుని, కొనే ముందు దాని మీద వాట్లు ఎన్ని రాసివున్నాయో చదువుకోవాలి. గోడలోని ప్లగ్గుకు ఎర్తింగ్ సరిగా వున్నదో లేదో ఎలక్ట్రీషియనుతో ఒకసారి చూపించుకోవాలి. ఇనుప పెట్టెను ముట్టుకుంటే జిల్లుమంటున్నదంటే ఎర్తింగ్ లేదని అర్థం. ఆ స్థితిలో కంప్యూటరు వాడకూడదు.

మదనపల్లె చల్లని ఊరే గనుక వేడి బాధ మనకు తిరుపతిలోలాగా వుండదు. దుమ్ము బాధ మాత్రం వుంటుంది, కుప్పంలో గ్రానైటు కోసే చోట్ల దగ్గర మరీ ఎక్కువ. పెట్టె ముందు భాగాన జల్లెడ వున్నది చూసుకుని, నెలకొకసారి దులుపుకుంటే చాలు. రంగు దీపాలు, గాజుపలకలు, వెలిగే కీబోర్డులు మిగిలిన డబ్బుతో ఎప్పుడైనా కొనుక్కోవచ్చు.

తెర గురించి ఒక మాట. గేములకు 144 హెర్ట్జ్ వేగం వుండాలంటారు, నిజమే. కాని హెర్ట్జ్ అనేది వేగమే గాని రంగు కాదు. రంగుల పని చేసేవాడు ఐపీఎస్ రకం తెర, ఎస్ఆర్‌జీబీ రంగులు నూటికి 95కు పైగా చూపేది అడగాలి. ఇవాళ ఈ రెండు గుణాలూ వున్న 24 అంగుళాల తెరలు దొరుకుతున్నాయి. ఎంత మంచి తెరైనా వెలుగుతో రంగు చూపుతుంది, ఫ్లెక్సీ యంత్రం సిరాతో చూపుతుంది. తెర మీద తామర రంగులో మెరిసిన పట్టుచీర అచ్చులో వంకాయ రంగుకు తిరగడం అందరికీ అనుభవమే. మీరు పని ఇచ్చే ప్రెస్సులోనే రంగుల పట్టీ ఒకటి అచ్చు వేయించుకుని, తెర పక్కన పెట్టుకుని చూసుకుంటే సగం గొడవలు తగ్గుతాయి.

మెమరీ ధరలు మండిపోతున్న కాలం

2025 చివరి నెలలనుంచి కంప్యూటరు మెమరీ ధరలు అసాధారణంగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం ప్రపంచమంతటా కడుతున్న డేటా కేంద్రాలకు మెమరీ చిప్పులు గుట్టలు గుట్టలుగా కావలసి రావడం, తయారీదారులు లాభం ఎక్కువున్న ఆ వైపే మొగ్గడం దీనికి కారణం. మన దుకాణాల్లో చాలాకాలంగా పేరున్న 'క్రూషియల్' మెమరీని తయారుచేసే మైక్రాన్ సంస్థ, మామూలు వినియోగదారుల వ్యాపారంనుంచి తప్పుకుంటున్నట్లు 2025 డిసెంబరులో ప్రకటించింది. అమెరికాలో ఎవరో యంత్రంతో మాట్లాడుకుంటే మదనపల్లెలో ఫ్లెక్సీ చేసేవాడి మెమరీ ధర పెరగడం విడ్డూరంగా వుంటుంది. టమోటా రైతుకు మాత్రం ఇది కొత్తగా తోచదు. ఎక్కడో వాన పడితే ఇక్కడ ధర మారడం అతనికి తెలిసిన సంగతే.

ఈ పరిస్థితిలో 32 జీబీలు ఒక్కసారిగా కొనలేనివారు 16 జీబీల పట్టీ ఒకటే తీసుకుని, రెండో గది ఖాళీగా వుంచుకోవడం మంచిది. ఆటల్లో రెండు పట్టీలుంటే కొంత వేగం పెరుగుతుందన్నది వాస్తవమే. అయితే రెండు ఎనిమిదులు పెట్టించుకున్నవాడు, రెండే గదులున్న బోర్డులో రేపు పెంచుకోవాలంటే రెండూ తీసి అమ్ముకోవాలి. పని చేసుకునేవాడికి ఖాళీ గదే మేలు.

ఎస్పీ రోడ్డా, మన ఊరి దుకాణమా?

ఈ మూడు ఊళ్ళవారికీ బెంగుళూరు ఎస్పీ రోడ్డు దూరం కాదు. మదనపల్లెనుంచి, పుంగనూరునుంచి తెల్లవారి బస్సెక్కితే రాత్రికి తిరిగి రావచ్చు, కుప్పంవారికి రైలుంది. అక్కడ సరుకు ఎక్కువ, రకాలు ఎక్కువ, ధర కూడా తరచు తక్కువే. కాని చెడిపోయినప్పుడు అదే బస్సు మళ్ళీ ఎక్కాలన్నది మరచిపోకూడదు. ఒక్క మెమరీ పట్టీ పోయినా పోయి రావడానికి ఒక రోజు, బాగుచేసి ఇచ్చేదాకా రెండు వారాలు. ఆ రెండు వారాల్లో వచ్చిన పని పక్క దుకాణానికి పోతుంది. రెండు మూడు వేల తేడా అయితే మన ఊరిలో అమర్చి, చెడితే ఇంటికి వచ్చి చూసే మనిషి దగ్గర కొనడమే లాభమని నా అభిప్రాయం. గ్రాఫిక్స్ కార్డు వంటి ఖరీదైన ఒక్క వస్తువులో తేడా బాగా వుంటే దాన్ని అక్కడినుంచి తెచ్చుకుని, మిగతావి ఇక్కడ పెట్టించుకోవచ్చు. ఇందుకు ఒప్పుకోని దుకాణదారులూ వుంటారు, వారి కష్టమూ అర్థం చేసుకోదగినదే.

ఎక్కడ కొన్నా బిల్లు తీసుకోవాలి. బిల్లు లేకుండా ఇస్తే 18 శాతం జీఎస్టీ మిగులుతుందని చెప్పేవారు వారంటీ పోతుందని చెప్పరు. స్టూడియోకో ప్రెస్సుకో జీఎస్టీ నమోదు వున్నవారికైతే బిల్లు మీది పన్ను జమగా తిరిగి వస్తుంది. బెంగుళూరులో కొనేవారు అక్కడ ఒక మెలిక గుర్తుంచుకోవాలి. కౌంటరు దగ్గర చేతికిచ్చి, కర్ణాటక రాష్ట్ర పన్ను కలిపి బిల్లు వేస్తే ఆ పన్ను ఆంధ్రలో నమోదైన దుకాణానికి జమ కాదు. చవకగా తెచ్చామనుకున్నది అక్కడే సమమైపోతుంది.

దొంగ సాఫ్ట్‌వేర్ గురించి చెబితే నవ్వేవారే ఎక్కువ. లక్ష పెట్టి యంత్రం కొని, సాఫ్ట్‌వేర్ మాత్రం ఎవరో ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లోనుంచి ఎక్కించుకోవడం మన ఆచారంగా మారింది. దానితోపాటు వచ్చిన వైరస్ ఫైళ్ళన్నిటికీ తాళం వేసి డబ్బడిగితే పెళ్ళివారికి జవాబు చెప్పుకోవలసింది మనమే. నేర్చుకునే దశలో డబ్బు లేకుండా న్యాయంగా దొరికేవి చాలా వున్నాయి. త్రీడీకి బ్లెండర్, వీడియోకు డావిన్చీ రిసాల్వ్, బొమ్మలకు క్రిటా, లోగోలకు ఇంక్‌స్కేప్. తెలుగు అక్షరాలకు అను ఫాంట్ల మీదే బతకనవసరం లేదు. రామభద్ర, మండలి, సూరన్న, గిడుగు, గురజాడ వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. అను ఫాంట్లలో కొట్టిన శుభలేఖను వాట్సాప్‌లో అక్షరాలుగా పంపితే అవతలివారికి గజిబిజిగా కనిపిస్తుంది. యూనికోడ్‌లో కొడితే తెలుగుగానే వెళుతుంది.

నేర్చుకోవడం మాటకు వస్తే, మన కళాశాలల కంప్యూటరు గదులు సాయంత్రం తాళాలు పడకుండా మరో రెండు గంటలు తెరిచి వుంచితే చాలా ఇళ్ళకు లక్ష రూపాయల తొందర తప్పుతుంది. మదనపల్లెలో, కుప్పంలో ఇంజనీరింగు కళాశాలలు వున్నాయి, కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం వున్నది. అక్కడి యంత్రాల మీద మూడు నెలలు బ్లెండరో వీడియో పనో చేసి చూస్తే అది తనకు పట్టుబడేదో కాదో కుర్రవాడికే తెలుస్తుంది. యాజమాన్యాలు ఇది ఆలోచించాలి. స్టూడియోలవారు సెలవుల్లో ఒకరిద్దరిని సాయానికి పెట్టుకుంటే ఇద్దరికీ ఉపయోగమే. ఆల్బం షీటు పదిసార్లు తిరగరాసే ఓపిక లేనివాడికి గ్రాఫిక్స్ పని పనికిరాదని అక్కడ నాలుగు రోజుల్లో బోధపడుతుంది. అప్పుడు ఆట కోసమే కొంటున్నామని ఇంట్లో ఒప్పుకుని, ఆ మేరకు తక్కువలో కొనుక్కోవచ్చు.

ఇక డబ్బు కట్టే రోజున చేయవలసిన పని కొంచెం వున్నది. అమర్చే మనిషి పక్కన కూర్చోండి. ప్రతి వస్తువు పెట్టె మీది సీరియల్ నంబరూ, వస్తువు మీది నంబరూ, బిల్లులోని నంబరూ ఒకటేనా చూసుకోండి. యంత్రం వెలిగాక మెమరీ ఎంత చూపుతున్నదో, గ్రాఫిక్స్ కార్డులో 8 జీబీ వున్నదో 16 వున్నదో తెర మీదే చదివించుకోండి. అరగంట సేపు ఏదైనా బరువైన ఆట నడిపించి, మధ్యలో యూపీఎస్ ప్లగ్గు తీయించి, యంత్రం ఆరిపోకుండా నిలబడిందని చూసుకున్నాకే మిగతా డబ్బు ఇవ్వండి. బిల్లు కాగితం ఫొటో తీసి పెట్టుకోండి, ఈ రోజుల్లో బిల్లుల మీది సిరా ఆరు నెలలకే వెలిసిపోతున్నది. కార్డు, పవర్ సప్లై వచ్చిన అట్టపెట్టెలను పాతకాగితాల బండికి వేయకుండా వారంటీ తీరేదాకా అటక మీద వుంచండి.